తాయమ్మ టోకెన్

బుధవారం పొద్దున ఎనిమిదింటికల్లా ప్రసన్నకుమారి ఇంట్లో తోమాల్సిన గిన్నెలన్నీ అయిపోయాయి. అయినా ఆమె పంపు దగ్గర నుంచి లేవలేదు. తోమేసిన సంగటి గిన్నెనే మళ్ళీ బోర్లించి, అడుగున లేని మసిని పీచుతో గీకుతూ కూర్చుంది. శుక్రవారం ఇంటర్వ్యూ. పదో తరగతి తప్పి, ముప్ఫై ఏడేళ్ళు మీద పడిన మనిషికి ఇంటర్వ్యూ అనేది మొదటిసారి ఎదురైతే చేతులు ఊరుకుంటాయా?

ఉద్యోగం అల్లాటప్పాది కాదు. బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన కొత్తగా కట్టిన గుజ్జు ఫ్యాక్టరీలో, పండ్లు మగ్గాయో లేదో చూసి, ఏ లాటు ఏ రోజు కోతకు వెయ్యాలో చెప్పే సూపర్‌వైజరు పని. మామిడి రెండున్నర నెలలే. ఆ తర్వాత వాళ్ళు జామ ఆడిస్తారు, బొప్పాయి ఆడిస్తారు, టమోటా ఆడిస్తారు. అంటే ఏడాది పొడుగునా పని. ప్రసన్నకుమారి ఈ ఊరి కోడలయినప్పటి నుంచీ మామిడి కాలం పోతే ఆమె పని ఏమిటో ఆమెకే తెలియదు. ఒక నెల కలుపు, ఒక నెల టమోటా కోత, ఒక నెల ఇంట్లో కూర్చుని గోడలు చూడటం. ఆగస్టులో ఆమె ఏటా పోయే పాత ఫ్యాక్టరీ గేటు మూసిన మర్నాడు ఏటా ఆమెకు ఒళ్ళు వెచ్చబడేది. ఈ పని దొరికితే ఆమెకు ఏ గేటూ ఇక మూసుకోదు. ఈ ఉద్యోగం తనకు ఎంత కావాలో భర్త జోయల్‌కు కూడా ఆమె పూర్తిగా చెప్పలేదు. చెబితే, రాకపోయిన రోజున అతని ముఖం కూడా చూడాల్సి వస్తుంది.

పనితనం సంగతంటారా, ఆమె చేతిని మించిన చెయ్యి ఆ చుట్టుపక్కల లేదు. చిత్తూరు జిల్లాలో బెంగళూరా అని పిలిచే తోతాపురి కాయ మహా మాయలమారిది. పైన పసుపు తిరిగి లోపల పుల్లగా ఉంటుంది, పైన పచ్చగా ఉండి లోపల టెంక దగ్గర నల్లబడి ఉంటుంది. ఒక రోజు ముందు కోస్తే గుజ్జు పులుపు, ఒక రోజు ఆలస్యమైతే పులిసిన వాసన. వేల క్రేట్ల మధ్య ఆమె ఒక చుట్టు తిరిగి వచ్చి "ఇది ఈపొద్దు, అది ఎల్లుండి" అంటే ఇక దానికి తిరుగుండేది కాదు. పాత ఫ్యాక్టరీ మేనేజరు తన పరికరాలన్నీ పక్కన పెట్టి "ముందు తాయమ్మను పిలవండయ్యా" అనేవాడు.

అవును, తాయమ్మనే అనేవాడు. చిక్కంతా అక్కడే ఉంది.

తాయమ్మ అంటే ప్రసన్నకుమారి తోడికోడలు, జోయల్ అన్న భార్య. రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. ఆ ఊరి నుంచి మొదట పాత ఫ్యాక్టరీకి పోయింది తాయమ్మే. రెండు సీజన్లు చేసింది. మూడో సీజను మొదలయ్యే నాటికి పనివాళ్ళ ఆటో బోల్తాపడి ఆమె మోకాలు దెబ్బతింది. గేటు దగ్గర చూపించే టోకెను వదులుకుంటే ఆ చోటు పక్క ఊరివాళ్ళకు పోతుంది. అందుకని కొత్తగా కాపురానికొచ్చిన ప్రసన్నకుమారి చేతిలో నూట పద్నాలుగో నంబరు టోకెను పెట్టి పంపింది. మేస్త్రి ఢిల్లీబాబు రిజిస్టరు తీసి, తాయమ్మ అని ఉన్నచోట టిక్కు కొట్టి, "పేరు ఎవరిదైతే ఏందిమ్మా, చెయ్యి ఉంటే చాలు" అన్నాడు. ఆ మాట అప్పుడు అందరికీ సమంజసంగానే తోచింది. అలా పదేళ్ళు గడిచిపోయాయి. పదేళ్ళుగా ప్రసన్నకుమారి గేటు లోపల తాయమ్మ, గేటు బయట ప్రసన్నకుమారి.

"చిన్నమ్మా, ఇంక లే. గిన్నెకు బొక్క పడతాది," అంటూ వచ్చింది నిస్సీ. తాయమ్మ కూతురు. చిత్తూరులో డిగ్రీ చివరి సంవత్సరం. ఫోనులో ఈ ఉద్యోగానికి దరఖాస్తు నింపింది ఆ పిల్లే, చిన్నమ్మకు తర్ఫీదు ఇస్తానని కాలేజీ మానుకుని కూర్చున్నదీ ఆ పిల్లే. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి వరండాలో వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, ముఖం గంభీరంగా పెట్టింది.

"రండి, కూర్చోండి. మీ పేరేంటండీ?"

ప్రసన్నకుమారి తడి చేతులు చీరకు తుడుచుకుని నిలబడింది. ఎదురుగా ఉన్నది మొన్నమొన్నటి దాకా తను జడలు వేసిన పిల్ల అని తెలుసు. అయినా చేతులు కట్టుకుంది.

"తాయమ్మ," అంది.

నిస్సీ నుదురు కొట్టుకుంది. "అది మా యమ్మ పేరు చిన్నమ్మా!"

"అబ్బ, నోట్లో అదే వస్తా ఉండాది మే. కుర్సీలో కూర్సోని ఎవురు అడిగినా అదే సెప్పి సెప్పి."

మళ్ళీ అడిగింది. ఈసారి పేరు కుదిరింది. తర్వాత "మీలో ఉన్న లోపం ఏమిటి" అని అడిగితే "మరీ ఎక్కువ కష్టపడటం" అని చెప్పాలంది నిస్సీ. ఇంటర్‌నెట్‌లో అలాగే ఉందట. ప్రసన్నకుమారికి ఆ జవాబు మింగుడుపడలేదు. కష్టపడటం లోపమైతే ఊళ్ళో సగంమంది లోపాలపుట్టలే. కానీ చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అని నాలుగుసార్లు వల్లెవేసింది.

"ఎన్ని సీజన్లు చేసినారు?"

"పది."

"పన్నెండని చెప్పు. ఫారంలో అట్లే నింపినాను. లెటర్లో కూడా పన్నెండే ఉండాది."

"ముందర రెండూ మీ యమ్మవి కదా."

"వాటిని పెట్టుకోని మా యమ్మ ఇప్పుడేం చేసుకుంటాది? పన్నెండంటే వినేదానికి బాగుంటాది."

ప్రసన్నకుమారి ఒక్క క్షణం ఆలోచించి "పన్నెండు" అంది. నిజం చెప్పాలంటే వినడానికి నిజంగానే బాగుంది.

ఆ లెటరే అసలు తంటా. అనుభవం ఉన్నట్టు పాత ఫ్యాక్టరీ నుంచి కాగితం తేవాలన్నారు. మంగళవారం ప్రసన్నకుమారి వెళ్ళి అడిగితే గుమాస్తా బాలచంద్ర మర్యాదగానే టైపు చేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. మెచ్చుకుంటూ రెండు మాటలు కూడా చేర్చాడు. పేరు దగ్గర మాత్రం తాయమ్మ అని ఉంది. మార్చమంటే, రిజిస్టరులో ఏముంటే అదే రాస్తానన్నాడు. తప్పు ఆయనదీ కాదు. పదేళ్ళుగా ఆయన ఆమెను పలకరించిన పేరే అది.

ఆ బుధవారం మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి ప్రసన్నకుమారి మేస్త్రి ఇంటికి నడిచింది. ఢిల్లీబాబు అరుగు మీద కాళ్ళు చాపుకుని చెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. సీజను లేని రోజుల్లో మేస్త్రి అంత తీరికైన మనిషి మరొకడుండడు.

"రామ్మా తాయమ్మా, కూర్చో," అన్నాడు.

"అన్నా, ఆ పేరే నా కొంప ముంచతా ఉండాది," అని కాగితం చూపించింది. కూర్చోలేదు. చెబుతున్నంతసేపూ అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగింది.

ఢిల్లీబాబు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. గీరుకోవడానికి తల, నిట్టూర్చడానికి నోరు తప్ప ఆయన దగ్గర కూడా ఏమీ లేవు. "నేను వచ్చి సెప్పినా నమ్మరుమ్మా. మేస్త్రి మాటకు ఆఫీసులో ఏం ఇలువ? నువ్వు చెయ్యి సూపిద్దామంటే నవంబరులో మామిడికాయి యాడ దొరకతాది? ఒకటే దోవ. పెద్ద తాయమ్మను ఎంటబెట్టుకోని పో. ఆ పేరు నాది, పని దీనిది అని ఆయమ్మ నోటితో ఆయమ్మ సెప్తే సరిపోతాది."

"సెప్తాదంటావా అన్నా?"

ఢిల్లీబాబు చేతిలో గింజ నోట్లో వేసుకుని, "అడిగి సూడు," అన్నాడు. చెబుతుందని మాత్రం అనలేదు.

తిరిగొచ్చే దారిలో ప్రసన్నకుమారికి పోయినేడు పలమనేరులో జరిగిన పెళ్ళి గుర్తొచ్చింది. భోజనాల దగ్గర పాత ఫ్యాక్టరీ ఇంజనీరు భార్య ఒకావిడ వచ్చి, "మీలో తాయమ్మంటే ఎవరండీ? మా ఆయన ఇంటికొస్తే మీ మాటే" అంది. పక్కనే ఉన్న తాయమ్మ విస్తరి మీద నుంచి తలెత్తి "నేనేనమ్మా" అంది. అబద్ధం కూడా కాదు. ఆవిడ తాయమ్మ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఎంతో సంబరపడింది. అప్పుడు ప్రసన్నకుమారి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆ రోజు తాయమ్మ ముఖంలో కనిపించిన వెలుగే ఇప్పుడు ఆమెను భయపెడుతోంది. పదేళ్ళుగా మోకాలితో ఇంట్లో కూర్చున్న మనిషికి బయట అంత మంచి పేరుంది. నలుగురి ముందుకొచ్చి అది నాది కాదని చెప్పమంటే చెబుతుందా?

సాయంత్రం గోడ ఇవతల నుంచి పిలవకుండా, ఇంటి ముందు నుంచే వెళ్ళింది. తాయమ్మ మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది. ప్రసన్నకుమారి ఆ గిన్నె అందుకుని తనే రాయడం మొదలుపెట్టింది. విషయం చెప్పడానికి చాలా సేపు పట్టింది. చెప్పడం మొదలుపెట్టాక ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

తాయమ్మ అంతా విని, "అంటే నేనొచ్చి ఏం సెయ్యలేదని సెప్పల్ల," అంది.

"అట్ల కాదక్కా..."

"ఇంకెట్ల?"

ప్రసన్నకుమారి నూనె రాసిన చోటే మళ్ళీ రాసింది.

"సూస్తాంలే మే, శుక్రవారం కదా," అని తాయమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

గురువారం ప్రసన్నకుమారి బతుకు ఎవరికీ వద్దు. పొద్దున్నే కట్టుకోవాల్సిన చీర తీసి ఇస్త్రీ చేసింది. మధ్యాహ్నం ఆ చీర బాగాలేదని ఇంకోటి తీసింది. మళ్ళీ మొదటిదే తీసింది. ఊరిబిండి పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేసి జోయల్ చేత చీవాట్లు తింది. ఐదు నిమిషాలకోసారి ఏదో ఒక పని పెట్టుకుని గోడ పక్కకు వెళ్ళి, అటువైపు తాయమ్మ బీరువా తలుపు చప్పుడేమైనా వినిపిస్తుందా అని చెవులు రిక్కించింది. ప్రయాణమైతే చీర తీయాలి కదా. అటు నుంచి టీవీ చప్పుడు తప్ప ఏదీ రాలేదు. నిస్సీని అడిగితే, "మా యమ్మ నాతో కూడా ఏం మాట్లాడలేదు చిన్నమ్మా. నువ్వు జవాబులు చదువుకో," అంది.

ఆ సాయంత్రం ఇంటి కూడిక. స్త్రీలంతా ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ప్రసన్నకుమారి ఇంటర్వ్యూ కోసం ముగ్గురు ప్రార్థించారు. ఒకావిడైతే ఆఫీసరు మనసు మెత్తబడాలని గట్టిగా ఏడ్చింది కూడా. తాయమ్మ వంతు వచ్చింది. ఆమె వానల కోసం, రోగుల కోసం, ఊళ్ళో చదువుకునే పిల్లల కోసం ప్రార్థించి ఆమెన్ అనేసింది. ప్రసన్నకుమారి కళ్ళు మూసుకునే ఉంది కానీ ప్రార్థనలో లేదు. రాదులే, రేపు ఒక్కదాన్నే పోవాలి అనుకుంది. అనుకున్నాక కోపం వచ్చింది. ఆ కోపానికి తనకే సిగ్గేసింది. అయినా కోపం పోలేదు.

శుక్రవారం ఏడున్నరకు హైవే మీద చిత్తూరు బస్సు కోసం నిలబడింది. సంచిలో ఆధార్, బాలచంద్ర ఇచ్చిన కాగితం, నీళ్ళ బాటిలు. నీళ్ళు అప్పటికే సగం తాగేసింది. బస్సు దూరంగా కనిపించింది. ఆ వెనకే "ఆపమను మే, ఆపమను!" అంటూ తాయమ్మ కుంటుకుంటూ వస్తోంది. క్రిస్మస్‌కు కట్టే ఊదారంగు పట్టుచీర, చెవులకు కమ్మలు, చేతికి గడియారం. ప్రసన్నకుమారి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. ఎక్కి కూర్చున్నాక మాత్రం ఆ పట్టుచీర వైపే చూస్తూ ఉండిపోయింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చే మనిషి ఇంతగా ముస్తాబవుతుందా? తాయమ్మ కిటికీ లోంచి బయటకు చూస్తోంది. చిత్తూరు వచ్చేదాకా ఆమె అన్న మాట ఒక్కటే, "సలి బాగా పెరిగింది కదా."

దర్గా సర్కిల్ దగ్గర బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, కంపెనీ ఆఫీసు చేరారు. రెండో అంతస్తు. తాయమ్మకు మెట్లు ఒక్కొక్కటీ గండమే. హాల్లో పది పన్నెండుమంది ఉన్నారు. అందరూ ప్యాంట్లు, షూలు, ఫైళ్ళు. ప్రసన్నకుమారి కూర్చుంది, లేచింది, నీళ్ళు తాగింది, మళ్ళీ కూర్చుంది. మరీ ఎక్కువ కష్టపడటం, మరీ ఎక్కువ కష్టపడటం అని మనసులో గొణుక్కుంటోంది.

తలుపు తీసి ఒక యువతి "ప్రసన్నకుమారి గారూ" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ప్రసన్నకుమారి కూడా ఆ ప్రసన్నకుమారి ఎవరా అని చుట్టూ చూసింది. తాయమ్మ మోచేత్తో డొక్కలో పొడిచింది. "నిన్నే మే!"

లోపల ఇద్దరున్నారు. పిలిచిన యువతి పేరు రూపశ్రీ, ఉద్యోగుల వ్యవహారాలు చూస్తుంది. పక్కన ప్లాంటు మేనేజరు సుబ్రమణ్యం, తలంతా నెరిసిన మనిషి, హోసూరు వైపు ఆయన. ప్రసన్నకుమారి కాగితాలు ఇచ్చింది. రూపశ్రీ ఆధార్ చూసింది, లెటరు చూసింది, మళ్ళీ ఆధార్ చూసింది.

"ఇది తాయమ్మ గారి పేరు మీద ఉందే?"

రెండ్రోజులు వల్లెవేసిన జవాబుల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ప్రసన్నకుమారి తలుపు వైపు చెయ్యి చూపించి, "మా యక్క... బయట ఉండాది," అని మాత్రం అనగలిగింది.

తాయమ్మను పిలిపించారు. ఆమె లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, కొంగు సర్దుకుని కూర్చుంది. "తాయమ్మ నేనే సార్," అంది.

సుబ్రమణ్యం ముందుకు వంగాడు. "ఓ, మీరేనా? బంగారుపాళ్యంలో మీ పేరు చెప్పని మనిషి లేడమ్మా. సరే, ఒకటి చెప్పండి. బెంగళూరా కాయి లోపల నల్లబడింది, కొయ్యకుండా ఎట్ల తెలుస్తుంది?"

"ముచ్చిక కాడ బొటనవేలు పెట్టి సూడల్ల సార్. గట్టిగానే ఉండి లోపల డొల్లగా తగిల్తే అది పోయినట్టే. చేతిలో బరువు కూడా తేడా తెలస్తాది," అంది తాయమ్మ గుక్క తిప్పుకోకుండా. ఆయన ఇంకోటి అడిగాడు. దానికీ చెప్పింది. వాన పడిన తోట కాయకు ఎన్ని రోజులు ఎక్కువ కావాలో చెప్పింది. గాలి ఆడని షెడ్డులో ఏమవుతుందో చెప్పింది. ఆమె ముఖంలో పలమనేరు పెళ్ళినాటి వెలుగు. ఆ మాటలన్నీ ప్రసన్నకుమారి పదేళ్ళుగా సాయంత్రం పూట ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పినవే. ఒక్క మాట కూడా పోగొట్టుకోకుండా దాచుకున్నట్టుంది. మాట్లాడాల్సిన ప్రసన్నకుమారి మాత్రం నిలబడి చీర అంచు మెలిపెడుతోంది.

రూపశ్రీకి ఉత్సాహం వచ్చింది. "మేడం, మీరెందుకు అప్లై చేయలేదు? కాగితాలన్నీ మీ పేరు మీదే ఉన్నాయి."

"మోకాలు బాగలేదమ్మా."

"చాలావరకు కూర్చుని చేసే పనేనండీ ఇది."

తాయమ్మ తను కూర్చున్న కుర్చీ చేతిని ఒకసారి నిమిరింది. ప్రసన్నకుమారి అది చూసింది. అందుకే పట్టుచీర అనుకుంది. అందుకే కూడికలో నా పేరెత్తలేదు అనుకుంది. అక్కడి నుంచి పరిగెత్తి మెట్లు దిగి పోవాలనిపించింది.

"చివరగా ఒకటి," అన్నాడు సుబ్రమణ్యం. "రెండు లాట్లు ఒకే రోజు పసుపు తిరిగినాయి. ఒకటే కొయ్యగలం. ఏది ముందు వేస్తారు?"

"బాగా పసుపు తిరిగింది ముందర ఎయ్యల్ల సార్," అంది తాయమ్మ.

"అట్ల కాదక్కా!"

ఆ గొంతు ఎవరిదో ప్రసన్నకుమారికే అర్థం కాలేదు. నేర్చుకున్న జవాబులన్నీ ఎటో పోయాయి. ఆమె బల్ల దగ్గరకు వచ్చేసి ఉంది, చేతులు గాలిలో క్రేట్లు పేరుస్తున్నాయి. "రంగును నమ్మితే మునిగిపోతాం సార్! ఎండ తగిలిన పక్క పసుపు తిరగతాది, లోపల పచ్చిగానే ఉంటాది. రంగు సూడకూడదు. పేర్చిన క్రేట్లలో నడిమి క్రేటు ఉంటాది సూడండి, దాంట్లోకి మోచేతి దాకా సెయ్యి పెట్టల్ల. కాయిలు మగ్గతా ఉంటే ఆడ ఉడుకు తగలతాది. పిల్లోళ్ళకి జ్వరమొస్తే ఒళ్ళు కాలతాది కదా, అంత. ఏ లాటులో ఉడుకు ఎక్కువుంటే అది ఆపొద్దే కొయ్యల్ల, పచ్చగా ఉన్నా సరే. నిలబెట్టినామా, తెల్లారేసరికి పులిసిపోతాది. ఈ సంగతి అక్కకి నేను సెప్పలే సార్, ఎప్పుడూ సెప్పలే. సెయ్యి పెడితే తెలిసేదాన్ని ఏమని సెప్పేది?"

ప్రసన్నకుమారి మోచేయి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని మెల్లగా దించుకుంది.

సుబ్రమణ్యం తాయమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, పాత ఫ్యాక్టరీలో పని చేసింది ఎవరు?"

తాయమ్మ తల దించుకోలేదు. "పేరు నాది సార్. సెయ్యి దానిది," అంది. "మోకాలు పోయి ఇంట్లో పడినప్పటి నుంచి అదే నా టోకెను మింద పోతా ఉండాది. సాయంత్రం వచ్చి ఆపొద్దు జరిగిందంతా సెప్పేది. నేను మంచంలో ఉండి వినేదాన్ని. వినీ వినీ నేనే పోయి సేసినట్టు ఉండేది సార్ నాకు. ఇంతసేపూ ఆ ఊపులోనే మాట్లాడినాను. సెప్పేదానికే వచ్చినాను నిజానికి. ఈ కుర్సీలో కూర్చున్నాక నోరు రాలేదు."

ప్రసన్నకుమారికి ఏడుపొచ్చింది. రెండ్రోజుల నుంచి లోపల దాచిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సోమవారం నుంచి రాగలరా?" అని సుబ్రమణ్యం ప్రసన్నకుమారిని అడిగాడు. ఆమె తల ఊపింది. రూపశ్రీ మాత్రం కాగితం మనిషి. అలా కుదరదు సార్, ఫైల్లో ఏదో ఒకటి ఉండాలి, తాయమ్మ గారు రాసి సంతకం పెట్టాలి అంది. గబగబా టైపు చేసి, ప్రింటు తీసి, తెలుగులో చదివి వినిపించింది. పాత ఫ్యాక్టరీలో తాయమ్మ పేరు మీద ఉన్న పన్నెండు సీజన్ల పనీ తాను చేసింది కాదనీ, అదంతా ప్రసన్నకుమారి చేసిందేననీ అందులో ఉంది.

తాయమ్మ పెన్ను తీసుకుంది. కాగితం మీద పెట్టింది. పెట్టిన చోటే ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది రూపశ్రీ.

ప్రసన్నకుమారి వచ్చిన పని మళ్ళీ చేజారిపోతోందనుకుంది.

"పన్నెండు కాదమ్మా, పది," అంది తాయమ్మ. "ముందర రెండేండ్లూ నావి. అవి నేను సేసినాను. వాటిని కూడా సెయ్యలేదని రాయద్దండి."

రూపశ్రీ దరఖాస్తు తిరగేసింది. "ప్రసన్నకుమారి గారూ, మీరు పన్నెండని నింపారు కదా?"

ప్రసన్నకుమారి ముఖం భగ్గుమంది. బుధవారం నుంచీ తన పదేళ్ళు అక్క లాగేసుకుంటుందేమోనని భయపడి చచ్చింది. అక్క రెండేళ్ళూ తను లాగేసుకుని అప్పటికే రెండు రోజులైంది. "నింపినాను మేడం," అంది. "ఆ రెండూ మా యక్కవే. తెలిసే ఊరుకున్నాను. తప్పే."

సుబ్రమణ్యం దరఖాస్తు అందుకుని చూశాడు.

"పదేళ్ళు చాలమ్మా. సోమవారమన్నాను కదా," అని, రూపశ్రీతో, "మార్చి ఇంకో ప్రింటు తీయండి. ఆ రెండూ ఆమెవని కూడా రాయండి," అన్నాడు. ప్రింటరు వేడెక్కడానికి టైము పడుతుందని రూపశ్రీ అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఊరికే కూర్చోవడం ఎందుకన్నట్టు అడిగాడు. "ఆ రెండేండ్లు మీరు ఏం పని చేసినారమ్మా?"

తాయమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మొదటేడు కడిగే తొట్టి కాడ సార్. నలగరం ఆడోళ్ళం. తెల్లారి పోతే నీళ్ళలో సెయ్యి పెట్టలేం, అంత సలువ. సొన పడి ఏళ్ళన్నీ ఒరిసిపోయేవి, సంగటి కూడా ఎడమసేత్తో తినేదాన్ని. మా బిడ్డ నిస్సీకి అప్పుడు ఎనిమిదేండ్లు. నా సెయ్యి ముట్టుకోని, మా యమ్మ సేతులు సెట్టు మాదిరి ఉండాయని ఊరంతా సెప్పేది. రెండో ఏడు బెల్టు మిందికి మార్చినారు..."

ప్రింటరు కాగితం బయటకు తోసింది. రూపశ్రీ దాన్ని తీసుకుని చేతిలోనే పట్టుకుని వింటోంది. తాయమ్మ చెబుతూనే ఉంది. ప్రసన్నకుమారికి ఇవేవీ తెలియవు. పదేళ్ళు రోజూ ఆ మంచం పక్కన కూర్చుని తన సంగతులే చెప్పింది గానీ, నువ్వు ఏం చేసేదానివక్కా అని ఒక్కసారి కూడా అడగలేదు.